గోడకు తగిలించిన గార్డు
(విజయవాడ ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపుల యజమానుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సాయంత్రం ఐదింటికి షాపు వదిలి రావడమంటే ఎంత పని ఆగుతుందో నాకు తెలుసు. నేనూ ఇరవై ఆరేళ్లు ప్రెస్సు షాపు నడిపినవాణ్నే. అందుకని నేరుగా విషయానికి వస్తాను. 2021లో నా షాపులో జరిగినదానితో మొదలుపెడతాను.

నా దగ్గర ఒక పవర్ ప్రెస్సు ఉండేది. లారీ బాడీలకు వేసే క్లాంపులు కొట్టేవాళ్లం. కాలితో పెడల్ తొక్కితే పైనుంచి డై దిగుతుంది, రేకు తెగుతుంది, ముక్క తీసి పక్కన పడేసి మళ్లీ రేకు పెట్టాలి. మెషీన్ ముందు ఇనుప జాలీ గార్డు ఉంటుంది. అది ఉంటే చెయ్యి లోపలికి పోదు. కానీ రేకు పెట్టడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. గంటకు ఎన్ని పీసులు పడ్డాయని లెక్క చూసుకునేవాణ్ని నేనే. ఆ గార్డు విప్పి గోడకు మేకు కొట్టి తగిలించిందీ నేనే. ఎనిమిది నెలలు అది అక్కడే ఉంది. కుర్రాళ్లు దాని మీద టవళ్లు ఆరేసుకునేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నేను బయట బిల్లు రాస్తున్నాను. ప్రెస్సు రోజంతా ఒకటే చప్పుడు చేస్తుంది, మనకు అలవాటైపోయి వినపడదు. ఆ ఒక్క దెబ్బ మాత్రం మెత్తగా వినపడింది. లేచి పరిగెత్తాను. పాతికేళ్ల కుర్రాడు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. పక్కనున్నవాడు ఆ గార్డు మీద ఆరేసిన టవలే లాగి చేతికి చుట్టాడు.

ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్నప్పుడు నాకున్న ఒకే ధైర్యం ఏమిటంటే, వర్క్‌మెన్ పాలసీ, అంటే పనివాడికి దెబ్బ తగిలితే మనం ఇవ్వాల్సిన పరిహారాన్ని కట్టే బీమా, ఉంది కదా అని. ఉంది, నిజమే. కానీ ఆ పాలసీలో నా షాపు లేదు. ఏదో వేరే షాపు ఉంది. నా షాపులో ఏడుగురు పనిచేస్తుంటే కాగితంలో నలుగురున్నారు. ఆ కుర్రాడికి నేను నెలకు 14,000 ఇస్తుంటే కాగితంలో 9,000 ఉంది. పాలసీ చేయించేటప్పుడు ఏజెంట్ ఫోన్ చేసి ‘జీతం ఎంత వేయమంటారు?’ అని అడిగాడు. ‘తక్కువే వెయ్యండి, ప్రీమియం తగ్గుతుంది కదా’ అన్నాను. అలా ఏడాదికి మిగిలింది మూడు వేల లోపు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు వేళ్లు పోతే సంపాదించే శక్తిలో 20 శాతం పోయినట్టు పనివాళ్ల పరిహార చట్టంలోని పట్టికే చెబుతుంది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడు వేలు ఒక్కటే పూర్తిగా పోతే 14. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. పట్టికలో లేని దెబ్బకు డాక్టర్ శాతం వేస్తారు. పూర్తిగా పనికి రాకుండా పోతే నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి ఉన్న అంకెతో గుణిస్తారు. పాతికేళ్ల వయసుకు ఆ అంకె 216.91. అంటే 14,000లో 60 శాతం 8,400. దాన్ని 216.91తో గుణిస్తే 18,22,044. అందులో 20 శాతం 3,64,409 రూపాయలు. నేను కాగితంలో రాయించిన 9,000తో అదే లెక్క కడితే 2,34,263. బీమా కంపెనీ తన లెక్క ప్రకారం తను కట్టింది. మిగతా లక్షా ముప్పై వేలు నేను కట్టాను. ఆసుపత్రి బిల్లు విడిగా ఇంకో ఎనభై ఆరు వేలు. అది కూడా నాదే, ఎందుకో తర్వాత చెబుతాను. కంపెనీని ఒక్క మాట అనడానికి నాకు నోరు లేదు. కాగితంలో అబద్ధం రాయించింది నేను.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే. పాలసీ తీసుకోవడం సగం పనే. మీ షాపు ఎలా ఉందో అలాగే ఆ కాగితంలో ఉండాలి. ఎంతమంది, ఏ పని, ఎంత జీతం. ఇందులో ఏది తప్పినా, ప్రమాదం జరిగిన రోజున ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

చాలామంది అనుకునేది ఏమిటంటే, పాలసీ ఉంటేనే బాధ్యత, లేకపోతే లేదు అని. కాదండీ. బాధ్యత చట్టంలోంచి వస్తుంది. పాలసీ ఆ బాధ్యతను మన తరఫున మోస్తుంది, అంతే. ఈ చట్టం 1923 నాటిది, 1924 జులై 1 నుంచి అమల్లో ఉంది. మొదట వర్క్‌మెన్ కంపెన్సేషన్ చట్టం అనేవాళ్లు, 2010 నుంచి ఎంప్లాయీస్ కంపెన్సేషన్ చట్టమైంది. మనం ఇంకా వర్క్‌మెన్ పాలసీ అనే అంటున్నాం. ఇప్పుడది 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది, ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పేర్లు మారాయి కానీ మూలం మారలేదు. పని చేస్తుండగా, పని వల్ల దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి. యజమాని తప్పుందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు.

(ముందు వరుస నుంచి ఒకరు: ‘తాగొచ్చి చెయ్యి పెట్టినా మేమే ఇవ్వాలా అన్నా?’)

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. తాగిన మత్తు వల్లే దెబ్బ తగిలిందని తేలితే, చిన్న దెబ్బకు, కొంత శాతం అంగవైకల్యానికి నువ్వు ఇవ్వక్కర్లేదు. భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించినా, గార్డును తనే కావాలని తీసేసినా అంతే. కానీ మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి రాకుండా పోయినా ఈ వాదనలేవీ పనికిరావు. తాగి ఉన్నా ఇవ్వాల్సిందే. ఇంకో మాట. గార్డు తీసేశాడు అంటున్నాం కదా, ఎవరు తీశారు? నా షాపులో తీసింది నేను. ఏ మొహం పెట్టుకుని ఆ కుర్రాడి మీద ఆ వాదన చేస్తాను?

చావు లెక్క కూడా చెబుతాను, వినడానికి కష్టంగా ఉంటుంది కానీ తెలియాలి. నెల జీతంలో 50 శాతాన్ని వయసు అంకెతో గుణిస్తారు. జీతం ఎంత ఎక్కువున్నా లెక్కకు తీసుకునే పరిమితిని 2020 జనవరిలో 8,000 నుంచి 15,000కు పెంచారు. దీన్ని కేంద్రం నోటిఫికేషన్‌తో మారుస్తూ ఉంటుంది కాబట్టి రెన్యువల్ చేయించినప్పుడల్లా అడిగి తెలుసుకోండి. ఈ 15,000 మీద నలభై ఏళ్ల మనిషికి, అంకె 184.17, వచ్చేది 13,81,275 రూపాయలు. ముప్పై ఏళ్లయితే 207.98, అంటే 15,59,850. వయసు తగ్గేకొద్దీ మొత్తం పెరుగుతుంది, ఎందుకంటే ఆ ఇంటికి అన్నేళ్ల సంపాదన పోయినట్టు. మనలో ఎంతమంది షాపులు ఒక్క దెబ్బకు పదిహేను లక్షలు తీసి ఇచ్చి కూడా మర్నాడు షట్టర్ ఎత్తగలవో మీరే ఆలోచించుకోండి.

ఇక్కడ మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మంచి మనసున్నవాళ్లు కూడా ఇందులోనే మునిగిపోతున్నారు.

ఊరు పేరు చెప్పను. ఒక వెల్డింగ్ షాపులో కరెంటు షాక్ కొట్టి ఒకాయన పోయాడు. యజమాని మంచివాడు, ఏడ్చాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. నాలుగు లక్షలకు మాట కుదిరింది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘ఇకపై మాకు ఏ హక్కూ లేదు’ అని భార్య చేత వేలిముద్ర వేయించారు. పెద్దకర్మ రోజు డబ్బు చేతిలో పెట్టారు. అందరూ దండం పెట్టి వచ్చేశారు. ఏడాదిన్నర తర్వాత లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పరిహారం కోరడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, ఆ గడువులోనే ఆవిడ దరఖాస్తు చేసింది. యజమాని స్టాంపు పేపరు పట్టుకుని వెళ్లాడు. అది చెల్లలేదు.

ఎందుకు చెల్లలేదంటే, పరిహారం హక్కును వదులుకుంటున్నామని ఎలాంటి కాగితం రాసుకున్నా చట్టం దృష్టిలో అది లేనట్టే. రెండోది, మనిషి చనిపోయినప్పుడు పరిహారం నేరుగా కుటుంబం చేతికి ఇస్తే ఇచ్చినట్టు కాదు. లేబర్ ఆఫీసులో పరిహారాల సంగతి చూసే అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. అడ్వాన్సుగా మూడు నెలల జీతం వరకు కుటుంబానికి నేరుగా ఇవ్వొచ్చు, అది లెక్కలోకి వస్తుంది. మిగతాదంతా మీరు దయతో ఇచ్చిన డబ్బు కిందికి పోతుంది. ఆ యజమాని మళ్లీ మొత్తం కట్టాడు.

ఆవిడను అందరూ మాట తప్పిందన్నారు. నేను ఆ ఇంటికి వెళ్లాను. నాలుగు లక్షల్లో ఆవిడ చేతికి చివరికి మిగిలింది ముప్పై వేలు. మిగతాది మరుదులు, అప్పులవాళ్లు, కర్మ ఖర్చుల పేరు చెప్పి తలా కొంత పట్టుకుపోయారు. ఇద్దరు ఆడపిల్లలు. నాకు అప్పుడు అర్థమైంది చట్టం ఆ నిబంధన ఎందుకు పెట్టిందో. డిపాజిట్ చేస్తే ఆ అధికారి భార్యకెంత, పిల్లలకెంత అని పంచుతాడు, పిల్లల వాటా వాళ్ల పేరున వేయిస్తాడు. పంచాయితీలో పిల్లల తరఫున ఎవరూ కూర్చోరు కదండీ. మీరు సాయం చేయాలనుకుంటే తప్పకుండా చేయండి, ఆసుపత్రికి కట్టండి, దహనానికి ఇవ్వండి, పిల్లల ఫీజు కట్టండి. కానీ పరిహారాన్ని మాత్రం సరైన దారిలోనే ఇవ్వండి.

ఆలస్యం గురించి కూడా చెప్పాలి. పరిహారం ఇవ్వాల్సిన రోజు నుంచి నెల దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే ఆ మొత్తంలో 50 శాతం దాకా జరిమానా. ఇందాక చెప్పిన 13,81,275 మీద ఏడాది వడ్డీయే లక్షా అరవై ఐదు వేల పైన. జరిమానాను మామూలు పాలసీలు కట్టవు. వడ్డీ కట్టాలా వద్దా అన్నది పాలసీలో ఏం రాసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. అప్పీలుకు వెళ్దాం, కాలం గడుస్తుంది అనుకుంటారు కొందరు. ఆ మొత్తం డిపాజిట్ చేయకుండా హైకోర్టులో అప్పీలు తీసుకోరు.

ఇప్పుడు నా ఎనభై ఆరు వేల ఆసుపత్రి బిల్లు దగ్గరికి వస్తాను. పనిలో తగిలిన దెబ్బకు అయిన వైద్యం ఖర్చు ఎంతైతే అంత యజమాని ఇవ్వాలి, చట్టంలో దానికి పై పరిమితి లేదు. కానీ చాలా పాలసీల్లో వైద్యం ఖర్చు అసలు కవర్‌లో ఉండదు. విడిగా అడిగి, కొంచెం ప్రీమియం ఎక్కువ కట్టి జోడించుకోవాలి. జోడించినా మనిషికి ఇంత వరకే అని ఉంటుంది. మన ఆసుపత్రుల్లో వేళ్లకు ఆపరేషన్ ఎంతవుతుందో మీకు తెలుసు, ఆ పరిమితి తక్కువ పెట్టించుకోకండి. నన్ను ఏజెంట్ అడగలేదు, నేనూ అడగలేదు.

అలాగే కాంట్రాక్టు పని. బాడీ బిల్డింగ్ షాపుల్లో పెయింటింగ్‌కు ఒక మేస్త్రీ, టింకరింగ్‌కు ఇంకో మేస్త్రీ ఉంటారు. వాళ్ల కుర్రాళ్లను వాళ్లే తెచ్చుకుంటారు. ‘వాళ్లు నా మనుషులు కారు’ అంటాం. మీ వ్యాపారంలో మామూలుగా భాగమైన పనిని మీ స్థలంలో కాంట్రాక్టుకు ఇస్తే, మేస్త్రీ కుర్రాడికి దెబ్బ తగిలినప్పుడు అతను మిమ్మల్నే అడగొచ్చు. మీరు కట్టి, తర్వాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకోవాలి. మేస్త్రీ దగ్గర ఏముంటుంది వసూలు చేయడానికి? అందుకని పాలసీలో కాంట్రాక్టరు మనుషులు కూడా ఉన్నట్టు రాయించండి. రోజుకూలీ అయినా సరే. రోజుకూలీలకు వర్తించదన్న మాట పాతది, ఆ మినహాయింపు 2000 సవరణతోనే పోయింది.

బ్యాటరీ షాపులవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు ముగ్గురున్నారు. సీసం వల్ల వచ్చే జబ్బులు కూడా పరిహారం కిందికే వస్తాయి. మీ దగ్గర కనీసం ఆరు నెలలు వరసగా ఆ పని చేసినవాడికి ఆ జబ్బు వస్తే దాన్ని ప్రమాదంలాగే చూస్తారు. దయచేసి ఆ పిల్లలు సీసం చేతులతో అన్నం తినకుండా చూడండి. సబ్బు, నీళ్లు పెట్టండి.

ఇంటి నుంచి షాపుకు వచ్చే దారి సంగతి. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ తెల్లవారుజాము డ్యూటీకి బైక్ మీద వస్తూ దారిలో ప్రమాదంలో పోయాడు. ఆ ప్రయాణానికి, ఉద్యోగానికి సంబంధం ఉందని తేలితే అది పనిలో జరిగిన ప్రమాదమేనని కోర్టు చెప్పింది. కొత్త కోడ్‌లోనూ ఆ మాట రాసే ఉంది. మన కుర్రాళ్లు కానూరు నుంచి, పోరంకి నుంచి, ఇంకా దూరం నుంచి బండ్ల మీదే కదా వస్తారు. మీ పాలసీ ఈ ప్రయాణాన్ని కవర్ చేస్తుందో లేదో కంపెనీని కాగితం మీద అడగండి.

పది మంది, అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లు ఈఎస్ఐ కిందికి, అంటే ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే బీమా కిందికి వస్తారు. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు యజమాని 3.25 శాతం, పనివాడు 0.75 శాతం కడతారు. ఈఎస్ఐలో ఉన్న మనిషికి పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఈఎస్ఐ ఇస్తుంది, మీ మీద విడిగా కేసు ఉండదు. గుణదల ఆసుపత్రిలో వైద్యం జరుగుతుంది, మంచాన ఉన్నన్నాళ్లు జీతంలో 90 శాతం వస్తుంది. పన్నెండు మంది ఉండి తొమ్మిది మందినే చూపించేవాళ్లు మన మధ్యే ఉన్నారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు నేను. ఆ చూపించని ముగ్గురిలో ఒకరికి దెబ్బ తగిలితే అటు ఈఎస్ఐ ఉండదు, ఇటు పాలసీ ఉండదు. 21,000 దాటిన ఫోర్‌మన్లు ఈఎస్ఐలోకి రారు, వాళ్లకు మాత్రం వర్క్‌మెన్ పాలసీ తీసుకోవాలి.

(వెనక నుంచి ఒకరు: ‘మా వాళ్లందరికీ బ్యాంకులో 20 రూపాయల బీమా చేయించామండీ, అది చాలదా?’)

చేయించడం చాలా మంచి పని. ప్రధానమంత్రి సురక్షా బీమా, ఏడాదికి 20 రూపాయలకు ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. ప్రతి కుర్రాడికీ చేయించండి. కానీ అది అతని బీమా, అతని ఇంటికి వచ్చే డబ్బు. మీరు చట్టప్రకారం ఇవ్వాల్సిన 13 లక్షల్లోంచి ఆ 2 లక్షలు తగ్గవు. మామూలు యాక్సిడెంట్ పాలసీ సంగతి కూడా ఇంతే. మీ బాధ్యతను మోసేది వర్క్‌మెన్ పాలసీ ఒక్కటే. ఇంకోటి, మనలో చాలామంది లేత్ మీద మనమే నిలబడతాం. వర్క్‌మెన్ పాలసీలో యజమాని ఉండడు. మీకు విడిగా యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. మీ ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పండి.

ప్రమాదం జరిగిన రోజు ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. ముందు ఆసుపత్రి. అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టాలి. ఫోన్ మాటకు సాక్ష్యం ఉండదు. మెషీన్‌ను కదిలించకుండా ఫోటోలు తీయండి. చనిపోయినా, తీవ్రమైన గాయమైనా ఏడు రోజుల్లోగా లేబర్ ఆఫీసుకు రిపోర్టు పంపాలి. జీతం బ్యాంకులో వేసే అలవాటుంటే ఆ స్టేట్‌మెంటే మీకు పెద్ద సాక్ష్యం. చేతికి ఇచ్చేవాళ్లయితే రిజిస్టరులో సంతకం తీసుకోండి. అందరి ఆధార్ జిరాక్సు ఒక ఫైలులో పెట్టండి. వయసు మీద లెక్క ఆధారపడి ఉంటుందని చూశారు కదా. ఏడాది మధ్యలో కొత్త కుర్రాడు చేరితే, జీతం పెంచితే, కంపెనీకి చెప్పి పాలసీలో ఎక్కించండి. ఏడాది చివర అసలు జీతాల లెక్క ఇస్తే తేడా ప్రీమియం సర్దుతారు. పదో పరకో తేడా ఉంటుంది, కట్టేయండి.

నా షాపులో ఆ కుర్రాడు రెండేళ్లు నా దగ్గరే ఉన్నాడు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుని స్టోర్ చూసుకున్నాడు. తర్వాత వాళ్ల ఊళ్లో దుకాణం పెట్టుకున్నాడు. నన్ను చూస్తే ఇప్పటికీ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు. ఆ గార్డును నేను మర్నాడే ప్రెస్సుకు బిగించాను. ఒక బోల్టు దొరక్క, అప్పటికప్పుడు పక్క షాపుకు వెళ్లి కొనుక్కొచ్చాను. ఆరు రూపాయలు.

సరే, చాలామంది పాలసీ కాగితాలు తెచ్చుకున్నారని నిర్వాహకులు చెప్పారు. బయటకు తీయండి. మొదటి పేజీ వదిలేయండి, షెడ్యూల్ అని ఉన్న పేజీ తెరవండి. అందులో మనుషుల సంఖ్య ఎక్కడుందో, జీతం ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. ఇవాళ పొద్దున మీ షాపులో ఎంతమంది ఉన్నారో పక్కన పెన్సిల్‌తో రాయండి. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.